పసివాడి చేతికి తొలి పుస్తకం

వసంత పంచమి వచ్చిందంటే బాసర జ్ఞాన సరస్వతీ సన్నిధిలోనూ, ఊరూరా ఆలయాల్లోనూ అక్షరాభ్యాసాల సందడి. పళ్లెంలో బియ్యం పోసి, పసివేలు పట్టి ఓనమాలు దిద్దిస్తాము. అంతటితో పురోహితుని పని ముగుస్తుంది, తల్లిదండ్రుల పని మొదలవుతుంది. ఆ బిడ్డ చేతికి ఇచ్చే తొలి పుస్తకం ఏది? భక్తి గల మన గృహస్థులు ఈ ప్రశ్నకు తడుముకోకుండా 'రామాయణమో, భాగవతమో' అంటారు. ఆ సమాధానంలోని భక్తికి నమస్కరిస్తూనే, తొందరపడవద్దని మనవి చేస్తున్నాను.

రెండేళ్ల బిడ్డ పుస్తకాన్ని నోట్లో పెట్టుకుంటాడు, చింపుతాడు, దానిపై కూర్చుంటాడు. అది ఆ వయసు స్వభావం, అపరాధం కాదు. పుస్తకానికి పాదం తగిలితే కళ్లకద్దుకోవడం మన ఆచారం. ముఖచిత్రంపై దేవుని బొమ్మ ఉంటే మన కలవరం ఇంకా ఎక్కువ. 'కళ్లు పోతాయి' అని గద్దిస్తాము, చేతిలోది లాక్కుంటాము. ఇలా నాలుగుసార్లు జరిగితే పసిమనసుకు అందేది భక్తి కాదు, పుస్తకమంటే భయం. కాబట్టి తొలి పుస్తకాలు గట్టి అట్టలతో, ఆవు, కాకి, చెట్టు, అరటిపండు, అమ్మమ్మ వంటి బొమ్మలతో ఉండనివ్వండి. నలిగితే నలగనివ్వండి. దేవుని కథల పుస్తకం పూజగదిలో ఉంచి, మీ ఒడిలో కూర్చోబెట్టుకుని మీరే చూపించండి. పుస్తకాన్ని గౌరవించడం బిడ్డ మిమ్మల్ని చూసి నేర్చుకుంటాడు.

ఇక సొంతంగా చదవడం మొదలుపెట్టే వయసు. ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. 'ప్రహ్లాదుడు' అనే పేరు చూడండి. అందులో 'ప్ర' ఉన్నది, 'హ్లా' ఉన్నది. 'శ్రీకృష్ణుడు' అనడానికి శ్రీకారం, కృకారం, ణకారపు వత్తు కావాలి. అక్షరమాల, గుణింతాలు మాత్రమే వచ్చిన పిల్లవాడి ముందు ఈ పేర్లు పెడితే మొదటి పంక్తిలోనే ఆగిపోతాడు. వాడికి ప్రహ్లాదుని కథ రాక కాదు, 'హ్లా' రాక. అటువంటి కథలు ఆ వయసులో చెవికి, చదువుకునే పుస్తకాలు కంటికి. ముందు అల, వల, పలక వంటి మాటలు, ఆపై గుణింతాలు, తరువాతే వత్తులు ఉన్న పుస్తకాలు వరుసగా ఎంచుకోండి. మన పురాణాల్లోనూ ఈ సౌలభ్యం లేకపోలేదు. రాముడు, సీత, హనుమ, శబరి, విదురుడు, కుచేలుడు, గరుడుడు, వీరి పేర్లలో వత్తు లేదు. వీరి చిన్న కథలతో మొదలుపెట్టవచ్చును.

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి ఉచ్చారణకు వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం అని ఆరు అంగాలు చెప్పింది. వేదపాఠానికి చెప్పినదే అయినా పుస్తకాల అంగడిలోనూ పనికివస్తుంది. ఒక పుట పైకి చదివి చూడండి. ఊపిరి తిప్పుకోకుండా వాక్యం పూర్తికాకపోతే, సమాసాలు నాలుకకు అడ్డుపడితే, అచ్చుతప్పులు కనబడితే, అట్ట ఎంత మెరిసినా పక్కన పెట్టండి. అమెరికాలో ఉన్న మనుమడికి పంపే పుస్తకానికి ఈ పరీక్ష మరింత అవసరం. తెలుగు వింటాడు గాని చదవలేని బిడ్డకు పెద్ద బొమ్మ, దాని కింద ఒక్క చిన్న వాక్యం చాలు.

బొమ్మల విషయంలో రెండు మాటలు. నిద్రపోయే వేళ మూడేళ్ల పిల్లకు హిరణ్యకశిపుని పేగులు చూపనక్కరలేదు. సింహాచలంలో వరాహ లక్ష్మీనృసింహ స్వామి ఏడాది పొడవునా చందనం పూతలోనే దర్శనమిస్తాడు, నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడే. ఉగ్రత్వాన్ని శాంతింపజేయడానికే ఈ చందనమని పెద్దలు చెబుతారు. అహోబిలంలో జ్వాలా నృసింహుడున్నాడు, లక్ష్మీ సమేతుడైన మాలోలుడూ ఉన్నాడు. పసివారికి మాలోలుని చూపండి.

రెండవది రంగు. మంచివారందరినీ తెల్లగా, దుర్మార్గులందరినీ నల్లగా చిత్రించిన పుస్తకాలు అంగళ్లలో కనబడుతున్నాయి. ఇది శాస్త్రానికే విరుద్ధం. రాముడు నీలమేఘశ్యాముడు. కృష్ణుని పేరే నలుపు. ద్రౌపదికి కృష్ణ అని పేరు, వ్యాసుడు కృష్ణద్వైపాయనుడు. చామనఛాయ గల మీ పాప ఆ బొమ్మలు చూసి తాను ఏ పక్షమని అనుకోవాలి? అటువంటి పుస్తకం దేవుని పేరుతో వచ్చినా ఇంటికి తేవద్దు.

'దైవసంబంధం కాని పుస్తకాలెందుకు?' అని కొందరు అడుగుతారు. మహిలారోప్య నగరాన్ని ఏలిన అమరశక్తికి చదువబ్బని ముగ్గురు కొడుకులు. వారిని ఆరు నెలల్లో నీతిజ్ఞులను చేస్తానని పూనుకున్న విష్ణుశర్మ సకల శాస్త్ర పారంగతుడు. అంతటివాడు శాస్త్రగ్రంథాలు ముందు పెట్టక సింహం, నక్క, కాకి, తాబేలు కథలు చెప్పాడని పంచతంత్రం చెబుతున్నది. శాస్త్రం ఎరిగినవాడికే శిష్యుని స్థాయి తెలుస్తుంది.

మన తరానికి 'చందమామ' ఉండేది. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. పాత సంపుటాలు దాచుకున్న తాతయ్యలు వాటిని నాలుగేళ్ల మనుమడి ముందు పెట్టి 'చదవడం లేదు' అని నొచ్చుకోవద్దు. అవి చదవడం వచ్చిన పిల్లల కోసం వచ్చినవి. అంతవరకు మీరే చదివి వినిపించండి.

పుస్తకం కొనడం సులభం. సాయంసంధ్య దీపం పెట్టిన తరువాత ఫోను పక్కన పెట్టి పావుగంట బిడ్డతో కూర్చోవడమే కష్టం. చదివిన కథే మళ్లీ చదవమంటాడు, విసుక్కోకండి. వేదం మాకు వచ్చినదీ ఆవృత్తి వల్లనే. ఈ వయసులో చదువు తీపిగా తోచిన బిడ్డ రేపు పోతన భాగవతాన్ని తానే వెతుక్కుంటూ వస్తాడు.