పాటను మ్రొక్కుబడి చేయకండి

మంజీరమంటే కాలి అందె. ఆ పేరు గల నది కందకుర్తి వద్ద హరిద్రతో పాటు గోదావరిలో కలుస్తుంది. బోధన్ చెరకు సీమ నుండి ఆ త్రివేణీ సంగమానికి వచ్చి, మునిగి, సంతానం కోసం మ్రొక్కే దంపతులు నగరంలో ఐ.వి.ఎఫ్. చికిత్స కూడా పొందుతుండవచ్చు. దైవాన్నీ, వైద్యాన్నీ కూడా నమ్మడంలో దోషమేమీ లేదు.

అయితే అటువంటి స్త్రీకి మనమిచ్చే సలహా ఒకటుంది. “దిగులు పడితే కడుపు పండదమ్మా! ఈ రాగం విను, ఆ స్తోత్రం విను” అంటాం. చికిత్స ఫలించనినాడు ఆ హితవే నేరారోపణ అవుతుంది. రోజుల తరబడి సూదులు పొడిపించుకున్న ఇల్లాలు, తన మనసు నిలవకపోవడం వల్లనే బిడ్డ దక్కలేదేమోనని కుమిలిపోతుంది.

ఇది అన్యాయం. 14 అధ్యయనాలలోని 3,583 మంది స్త్రీల వివరాలను కలిపి చూచిన పరిశీలన ఒకటి 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. చికిత్సకు ముందున్న మనోవ్యథ దాని ఫలితాన్ని దెబ్బతీయలేదని అది తేల్చింది.

మరి సంగీతమెందుకు? భయం తగ్గడానికే. శస్త్రచికిత్సకు ముందు సంగీతం వింటే ఆందోళన కొంత తగ్గవచ్చునని, 26 పరిశోధనలను పరిశీలించిన 2013 నాటి కోక్రేన్ సమీక్ష చెప్పింది. అండాలను సేకరించే రోజున, ఆపై ఫలితం కోసం ఎదురుచూచే రెండు వారాల రాత్రులలో ఆ ఊరట చిన్నదా? తంజావూరు ప్రభువు కానుకలను కాదన్నారని చెప్పుకొనే త్యాగరాజస్వామి, నాదాన్ని ఏ ఫలానికి బేరం పెట్టారు?

ఏ పాట అన్నది ఆమె ఇష్టం. మనం పొరబడేది ఇక్కడే. అన్నమయ్య జోల మనకు అమృతప్రాయం. ఖాళీ ఊయలను తలచుకొనే చెవికి అదే ముల్లు కావచ్చు. ఆమె త్యాగరాజ కృతి అడిగితే అది, బతుకమ్మ పాటో పాత సినిమా పాటో అడిగితే అది వినిపించండి. ఏదీ వద్దంటే ఊరకుండండి. భర్తను కూడా ప్రక్కన కూర్చోమనండి. లోపం అతనిలోనూ ఉండవచ్చు, దిగులు అతనికీ ఉంటుంది.

సంగమం గట్టున భజన జరిగేనాడు ఆమెను తప్పక పిలవండి. తాళాలు చేతికివ్వండి. “ఏమమ్మా, విశేషమేమైనా ఉందా?” అని మాత్రం అడగకండి.