గిద్దెడు అంటే ఎన్ని గ్రాములు?

నేను ఇంగ్లీషు మీడియంలో చదివాను. గిద్దె, సోల, తవ్వ, మానిక అనే మాటలు వంటింట్లో విన్నవే, బడిలో ఎవరూ చెప్పలేదు. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. అరవై దాటాక, తెలుగు చదవడం నేర్చుకుంటూ ఈ లెక్క రాసుకున్నాను.

అబూ హమూర్‌లో మా భజనలకు ప్రసాదం మేమే వండుతాం. పెద్దవాళ్ళు "మానెడు బియ్యం, గిద్దెడు నెయ్యి" అంటారు. పిల్లలు వెంటనే ఫోన్ తీసి, "ఆంటీ, గిద్దెడు అంటే ఎన్ని గ్రాములు?" అని అడుగుతారు. నన్నడిగితే ఆ ప్రశ్న సగమే. ఏది గిద్దెడు అన్నది ముందు తేలాలి.

గిద్దె కొలత, తూకం కాదు. ఇండియా నుంచి వచ్చే నూనె ప్యాకెట్ చూడండి. ఒక లీటరు అని ఉంటుంది, పక్కనే 910 గ్రాములు అని ఉంటుంది. నీళ్ళు లీటరంటే కిలో. బియ్యం లీటరు పాత్ర నిండా పోసినా సుమారు 800 గ్రాములే. అటుకులైతే ఇంకా చాలా తేలిక. పోనీ కప్పుల్లో చెప్పుకుందామా అంటే, రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు, అమెరికా వాళ్ళ కప్పు సుమారు 240, ఆస్ట్రేలియా వాళ్ళది 250.

అన్నం, పులిహోర, పొంగలికి అసలు మార్చే పనే లేదు. అన్నీ ఒకే గ్లాసుతో కొలిస్తే పాళ్ళు తప్పవు. సగం గ్లాసుతో, సగం గ్రాముల్లో చేస్తేనే చిక్కు. ఉప్పు మాత్రం తూచాలి అంటాను. కల్లుప్పు చెంచాడు కన్నా మెత్తటి ఉప్పు చెంచాడు బరువెక్కువ. ఆవకాయకు "గిన్నెడు ఉప్పు" అని చెప్తే, దంచకముందు కొలిచారా, దంచాకా అని అడగండి.

మాలో పెద్దావిడ ఒకరు వచ్చే నెల ఇండియాకు వెళ్ళిపోతున్నారు. ఆవిడ చక్కెర పొంగలి (పేరు అలా ఉన్నా వేసేది బెల్లమే) ఎవరూ రాసిపెట్టలేదు. ఎప్పుడూ అదే సొట్ట స్టీలు గ్లాసుతో కొలుస్తారు. అందుకే పిల్లలకు చెప్పాను: ఈసారి త్రాసు తీసుకురండి. ఆవిడ కొలిచాక, గిన్నెలో పోయకముందే బియ్యం, పెసరపప్పు, బెల్లం విడివిడిగా తూచండి. గ్లాసులూ రాయండి, గ్రాములూ రాయండి. బెల్లం అదిమి కొలిచారో, వదులుగానో కూడా రాయండి. చివరగా అదే గ్లాసు నిండా నీళ్ళు పోసి, నీళ్ళ బరువు చూడండి. ఎన్ని గ్రాములో గ్లాసు అన్ని మిల్లీలీటర్లు. నీళ్ళు ముందు పోయకండి, తడి గ్లాసుకు బెల్లం అంటుకుంటుంది.