జహీరాబాద్ బండికి మళ్లీ ప్రాణం
దేవరకొండ వైపు బత్తాయి మోసి మోసి అరిగిపోయిన ఆల్విన్ నిస్సాన్ ఏ ఇంటి వెనకనైనా మిగిలి ఉంటే, దయచేసి తుక్కు కింద అమ్మేయకండి. 1980ల్లో జపాన్ కంపెనీ సాయంతో మన జహీరాబాద్‌లో తయారైన చిన్న లారీ అది. తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి పోయింది. బాగుచేయించే వాళ్లు ముందు రంగు గురించి ఆలోచిస్తారు. నేనైతే ముందు క్యాబిన్‌లో మ్యాట్ ఎత్తమంటాను. పెడళ్ల కింద రేకును స్క్రూడ్రైవర్ పిడితో కొడితే గట్టి చోట ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట మొద్దుగా పలుకుతుంది. అక్కడ మంచి రేకు తగిలేదాకా కోసి, కొత్త ముక్క వెల్డింగ్ చేసి, ప్రైమర్ కొట్టాలి. లప్పం పూసి ఊరుకుంటే లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. సీట్లు, స్టిక్కర్లు, పాటల పెట్టె మీ ఇష్టం. చాసిస్ కోసి పొట్టి చేయడం, క్యాబిన్ రూపం మార్చడం మాత్రం అన్యాయం. అనుమతి లేని మార్పులను మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఒప్పుకోదు. 2021లో వచ్చిన నిబంధనల్లో వింటేజ్ గుర్తింపుకు 50 ఏళ్ల వయసుతో పాటు అసలు రూపం చెడకపోవడమూ షరతే. ఆ గుర్తింపు మన లారీకి దక్కినా దక్కకపోయినా, అసలు రూపం చెడకుండా ఇప్పుడే జాగ్రత్తపడాలి. చాసిస్ నంబరు కొట్టిన చోట గ్రైండర్ అసలే తగలనివ్వకండి.