పిసకకుండానే పొట్టు గోధుమ బ్రెడ్డు



పోయిన నెల అంబలి గురించి రాశాను కదా. అది చదివి సాత్తూరు నుంచి ఒక చెల్లెమ్మ ఉత్తరం పంపింది. "అన్నా, అంబలి మాకు తెలిసిందే. పిల్లలు బ్రెడ్డే కావాలంటారు. మా ఇంటాయనకి సుగరు. ఇంట్లోనే గోధుమ బ్రెడ్డు చేద్దామంటే పిండి పిసికే ఓపిక లేదు. పగలంతా అగ్గిపెట్టెలు అంటించే చేతులు" అని రాసింది. మంచి మాట అడిగింది. ఈ నెల దాని గురించే.

పిసకనక్కర్లేదు. పిండి, నీళ్లు, ఉప్పు, కాస్త ఈస్టు కలిపి వదిలెయ్యాలి. చేతులు చెయ్యాల్సిన పని రాత్రి చేస్తుంది.

అదెట్లాగంటారా? మిల్లులో చేసినవాళ్లకి చెప్పడం సులువు. దూది పోగులు విడివిడిగా ఉంటే ఊదితే ఎగిరిపోతాయి. పురి పడితేనే దారం అవుతుంది, బలం వస్తుంది. గోధుమ పిండిలో కూడా అట్లాంటి పదార్థం ఉంది. నీళ్లు తగిలితే అది జిగురుగా సాగుతుంది. దాన్ని గ్లూటెన్ అంటారు. ఈస్టు వదిలే గాలిని పట్టి ఉంచేది అదే. పిండి పిసకడమంటే ఆ పోగులకి పురి పెట్టడమే. అయితే నీళ్లు ఎక్కువ పోసి గంటల తరబడి వదిలేస్తే ఆ పోగులు వాటంతట అవే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇంకో లాభం కూడా ఉంది. పొట్టు ముక్కలు గరుకుగా ఉండి ఆ పోగుల్ని తెంపుతుంటాయి. రాత్రంతా నానితే పొట్టు మెత్తబడుతుంది. రింగ్ ఫ్రేము దగ్గర గాలిలో తేమ తగ్గితే దారం టపటపా తెగేది గుర్తుందా? ఇక్కడా అంతే. ఎండిన పిండి పొంగదు.

ఇది నేను కనిపెట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండులో డోరిస్ గ్రాంట్ అనే ఆవిడ పొట్టు గోధుమ పిండి పిసకడం మరిచిపోయి, అట్లాగే కాల్చింది. బ్రెడ్డు బాగానే వచ్చింది. ఆ పద్ధతిని 1944లో పుస్తకంలో వేసింది. ఇప్పటికీ దాన్ని గ్రాంట్ బ్రెడ్డు అనే అంటారు. 2006లో న్యూయార్కులో జిమ్ లేహీ అనే బేకరీ ఆయన పద్ధతి అక్కడి పేపర్లో వచ్చి చాలామందికి తెలిసింది. చిటికెడు ఈస్టు, పొద్దుననుంచి రాత్రిదాకా నానడం, మూతపెట్టిన బరువు గిన్నెలో కాల్చడం. అంతే. రాత్రి కలిపిపెట్టి పొద్దున తాగే సజ్జ అంబలి మన అవ్వలు చేసిందే కదా. రాత్రిచేత పని చేయించుకోవడం మనకి కొత్త కాదు.

ఇక చేసే విధానం.

గోధుమలు మరలో ఆడించి, జల్లెడ పట్టకుండా వాడండి. మైదాలో పొట్టూ మొలకభాగమూ తీసేస్తారు, పిండిభాగమే మిగులుతుంది. కడలో "బ్రౌన్ బ్రెడ్" అని రంగు చూసి కొనకండి. పొట్లం వెనక రాసిన సరుకుల్లో మొదటిది ఏదో చూడండి. ఎక్కువ ఉన్నదే ముందు రాస్తారు.

మామూలు నీళ్ల గ్లాసుతో 4 గ్లాసుల పిండి, ఒకటిన్నర టీ చెంచా ఉప్పు, పావు టీ చెంచా ఈస్టు కలపండి. రెండు గ్లాసులకి కాస్త తక్కువ నీళ్లు పోసి, గరిటెతో రెండు నిమిషాలు తిప్పండి. ఇడ్లీ పిండికన్నా గట్టిగా, చపాతీ పిండికన్నా చాలా జారుగా ఉండాలి. చేతికి అంటుకుంటుంది, అంటుకోనివ్వండి. మూతపెట్టి 7, 8 గంటలు వదిలెయ్యండి. ఏప్రిల్, మే నెలల్లో మన వేడికి చిటికెడు ఈస్టు, కుండ నీళ్లు చాలు. లేకపోతే పులుపెక్కుతుంది.

పొద్దున పిండి రెండింతలై బుడగలు కనిపిస్తాయి. నూనె రాసిన గిన్నెలోకి తీసి, తడి చేత్తో పైన సర్దండి. గిన్నెలో సగానికి మించి నింపకండి. ఇంకో ముప్పావు గంట ఉంచండి.

ఓవెన్ లేదా? మాకూ లేదు. పాత కుక్కర్లో రెండు గ్లాసుల కల్లుప్పు పరిచి, పైన స్టాండు పెట్టండి. మూత రబ్బరు తీసెయ్యాలి, విజిల్ తీసెయ్యాలి. ఈ మాట మరవకండి. నీళ్లు పొయ్యకూడదు. పది నిమిషాలు వేడిచేసి, గిన్నె లోపల పెట్టి, మూతేసి, సన్న మంట మీద 50 నిమిషాలు. పిండిలోని ఆవిరి మూత కింద ఉండిపోయి బ్రెడ్డు ఎండిపోకుండా చూస్తుంది. కత్తి గుచ్చితే పొడిగా రావాలి. పైన ఎర్రబడకపోతే బోర్లించి దోసె పెనం మీద మూడు నిమిషాలు కాల్చండి. చల్లారేదాకా కొయ్యకండి, లోపల ముద్దగా ఉంటుంది. ఆ ఉప్పు దాచిపెట్టుకుంటే మళ్లీ బ్రెడ్డుకి పనికొస్తుంది, కూరకి కాదు.

గోధుమ మన నల్లరేగడి పంట కాదు. మనది సజ్జ, జొన్న, పత్తి, మిరప. కోవిల్‌పట్టిలో 1901 నుంచి ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రం ఈ మెట్ట పంటల కోసమే పనిచేస్తోంది. అందుకని నేను 4 గ్లాసుల్లో ఒకటి సజ్జ పిండి వేస్తాను. వీధిలో కంబు అంటారే, అదే. అంతకుమించి వేస్తే పొంగదు, సజ్జలో గ్లూటెన్ లేదు. సజ్జ పిండి తొందరగా చేదెక్కుతుంది, వారానికి సరిపడా మాత్రమే ఆడించండి.

సుగరు ఉన్నవాళ్లకి ఒక మాట. పొట్టు ఉన్న బ్రెడ్డు మైదా బ్రెడ్డుకన్నా మేలే. అట్లాగని మందు కాదు. డాక్టరు చెప్పిన లెక్కలోనే ముక్కలు తినండి, మాత్రలు మానకండి.

మా ఇంటావిడ ఇరవై ఏళ్లు వైండింగ్‌లో చేసింది. ఇప్పుడు పిండి పిసికితే మణికట్టు లాగుతుంది. అందుకే బ్రెడ్డు పని నాది. మగవాళ్లు చెయ్యకూడదని ఎక్కడా రాసి లేదు. మిల్లులో గంటల తరబడి నిలబడ్డవాళ్లం, రెండు నిమిషాలు గరిటె తిప్పలేమా? నైట్ షిఫ్టుకి బయలుదేరే ముందు కలిపి వెళ్లండి. మీరు మిల్లులో ఉన్నంతసేపూ అది ఇంట్లో పొంగుతుంది. బన్నూ టీతో కడుపు నింపుకుని తిరిగొచ్చే పిల్లలకి పొద్దున్నే ముక్క కోసి, వేరుసెనగ చట్నీతో పెట్టండి.

మన వేడికి రెండు రోజులు నిలుస్తుంది, గుడ్డలో చుట్టిపెట్టండి. మిగిలితే పెనం మీద కాల్చుకోండి. మీకు ఎట్లా కుదిరిందో రాయండి. వచ్చే నెల జొన్న మురుకుల సంగతి చూద్దాం.