ఇంటర్వెలపరం!

మొన్న ఆదివారం మ్యాట్నీకి వెళ్ళాను. విశ్రాంతి తర్వాత కథ జీళ్ళపాకంలా సాగుతోంది. వెనక వరుసలో ఓ కుర్రాడు పక్కవాడితో గట్టిగానే అన్నాడు: "ఒరేయ్, ఇంటర్వెలపరం మొదలైందిరా!"

ఉలిక్కిపడ్డాను. ఎందుకంటారా? ఆ మాట నాది!

అవునండీ. కాలేజీ రోజుల్లో నేనూ మా తమ్ముడూ కలిసి పుట్టించాం. ఇంటర్వెలూ వెలపరమూ కలిస్తే ఇంటర్వెలపరం. అర్థం: 'విశ్రాంతి దాకా బాగున్న సినిమా ఆ తర్వాత పెట్టే వికారం'. దానికి తోబుట్టువులు కూడా ఉన్నారు.

తలకాయస్కోపు: తెరకు బదులు ముందు సీటువాడి తల మాత్రమే కనిపించే ప్రదర్శన.

టైటిలారాటం: తెలిసినవాడి పేరు తెర మీద పడుతుందేమోనని రెప్ప వాల్చకుండా చూడటం.

సెల్లుగు: చీకటి హాల్లో పక్కవాడి ఫోన్లోంచి మన కళ్ళలో పడే వెలుగు. (ఇది కడసారపు బిడ్డ.)

మాటలు పుట్టించడానికి మీరెవరయ్యా అనకండి. దీనికి మనకో పెద్దదిక్కుంది. 'మాయాబజార్' (1957)కు మాటలు రాసిన పింగళి నాగేంద్రరావుగారు! 'అస్మదీయులు' నోరు తిరక్క 'అసమదీయులు' అయింది. ఆ వరసలోనే అవతలివాళ్ళు 'తసమదీయులు' అయిపోయారు. సంస్కృతం లెక్కన అక్కడ 'తదీయులు' ఉండాలి. అయితేనేం? ఎస్వీ రంగారావు ఘటోత్కచుడు కోప్పడకపోగా మెచ్చుకుని వీరతాడు వేయించాడు.

మరి కంబళి కాని 'గింబళి', తల్పం కాని 'గిల్పం' సంగతో? పులి గిలి, పుస్తకం గిస్తకం అని మన ఇళ్ళల్లో రోజూ అనుకునేదేగా! ఆ 'గి'ని పట్టుకుని ఆయన వస్తువులనే సృష్టించారు. సూత్రం మనదే గనక ఎవరికీ నిఘంటువు అవసరం రాలేదు.

పింగళిగారు 1971లో పోయారు. ఇవాళ రాజకీయాలు మాట్లాడేవాళ్ళు కూడా తసమదీయులంటారు. అన్న ప్రతిసారీ ఆయన్ని తలుచుకుంటారా? లేదు. మాట సొంతకాళ్ళ మీద నిలబడిందన్నమాట.

ఇది తెలిసి కూడా ఆ కుర్రాడి వైపు తిరిగాను. పేరు లేకుండా అచ్చయిన నా రాతలెన్నో ఉన్నాయి మరి, ఆ మంట నాకుంది. "అది నా మాటోయ్!" అందామనుకున్నాను. తీరా నోరు తెరిస్తే, "ఆ మాట ఎక్కడిది తమ్ముడూ?" అని వచ్చింది.

"మా హాస్టల్లో అందరూ అంటారండీ" అన్నాడు.

అందరూ! ఇంకేం కావాలి? తెరిచిన నోరు మూసుకున్నాను.

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. "అన్నయ్యా, మన పిల్ల అత్తారింటికి వెళ్ళిపోయింది. ఇంకా ఇంటిపేరు అడుగుతావేంటి?" అన్నాడు.

నిజమే కదూ?

సరే, మీ ఇంట్లో, మీ బెంచీ మీద పుట్టిన మాటలేమిటి? అర్థం ఒక్క వాక్యంలో రాసి పంపండి. బాగుంటే వీరతాడు ఖాయం. మీ పేరు కూడా అచ్చేస్తాం లెండి. నా మంట మీకెందుకు?