బడిలో ఫోన్ వద్దన్న మాట ఎవరిది?

మర్రిపాడు మండలంలో ఒక ఎస్సీ కాలనీ. పొగాకు పని నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్లు చీకటి పడ్డాక అరుగు మీద కూర్చున్నారు. బడిలో పేరెంట్స్ మీటింగ్‌లో లేచిన వాదన ఇంకా చల్లారలేదు. పిల్లల దగ్గర ఫోన్ దొరికితే లాక్కుని పరీక్షలయ్యేదాకా ఇవ్వకూడదని ఊళ్లో కొందరు తల్లిదండ్రులు పట్టుబట్టారు. కాలనీలోనే రెండు మాటలున్నాయి.

"లాక్కోనీ అబ్బయ్యా, పగలగొట్టినా నేనేమీ అనను. నా కొడుకు రాత్రి ఒంటిగంట దాకా ఆటలాడతా ఉండాడు. కూలి డబ్బులు రీఛార్జికే పోతా ఉండాయి" అంది ఒకామె. పక్కనున్నామె ఒప్పుకోలేదు. ఆమె, భర్త ఏటా కొన్ని నెలలు బెంగళూరుకు బిల్డింగ్ పనికి పోతారు. తొమ్మిదో తరగతి చదివే కూతురు అవ్వ దగ్గరుంటుంది. "అవ్వకు ఫోన్ చేసేది రాదు. పిల్ల ఇంటికి చేరిందో లేదో నాకెట్టా తెలిసేది? మీటింగులో మాట్లాడినోళ్ల పిల్లలు పొద్దుగూకేసరికి కళ్ల ముందరే ఉంటారు."

మొదటి తల్లి బాధ చిన్నది కాదు. పిల్లలకు ఫోన్ హక్కు అంటూ ఆమె మాట కొట్టిపారేసే హడావుడి మన ఉద్యమకారుల్లోనూ ఉంది. అది సరికాదని నా అభిప్రాయం. బెట్టింగ్ యాప్‌లో డబ్బు పోతే అప్పు తీర్చాల్సింది ఆమే. కానీ రెండో తల్లి ప్రశ్నకు నిషేధం కోరినవాళ్ల దగ్గర జవాబు లేదు.

రాష్ట్రంలో ఈ నిషేధం కొత్తదేమీ కాదు. 2023 ఆగస్టు చివర్లోనే పాఠశాల విద్యాశాఖ విద్యార్థులు బడికి ఫోన్ తేకూడదని, టీచర్లు క్లాసుకు వెళ్లేముందు తమ ఫోన్ హెడ్మాస్టర్‌కు అప్పజెప్పాలని ఆదేశించింది. ఆ ఏడాది జూలైలో వచ్చిన యునెస్కో నివేదికను ఆధారంగా చూపింది. నాలుగు నెలలు తిరక్కముందే, డిసెంబర్ 21న, అదే ప్రభుత్వం బైజూస్ పాఠాలు నింపిన ట్యాబ్‌లు ఎనిమిదో తరగతి పిల్లలకు రెండో విడతగా పంచడం మొదలుపెట్టింది. టీచర్ల హాజరుకు 2022 ఆగస్టు నుంచి ఫోన్‌లోనే ముఖం చూపాలి. మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల ఫొటోలూ వాళ్లే యాప్‌లో ఎక్కించేవారు. 2025 జనవరి 30న మొదలైన 'మన మిత్ర'తో హాల్ టికెట్లు కూడా వాట్సాప్‌కే వచ్చాయి. ఉపాధి హామీ పనిలో 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు ఫోన్‌లో ఫొటో పడితేనే హాజరు. ఇలా ప్రతి పనికీ ఫోన్ తప్పనిసరి చేసినవాళ్లే బడి గేటు దగ్గర అదే ఫోన్‌ను నేరం అంటున్నారు.

రాష్ట్ర ఐటీ మంత్రిగా చేసిన మేకపాటి గౌతమ్‌రెడ్డి కుటుంబానిది ఈ మండలంలోని బ్రాహ్మణపల్లే. అయినా నేను కూర్చున్న కాలనీలో సిగ్నల్ కోసం పిల్లలు రోడ్డు దాకా నడుస్తారు.

ఫోన్ ఇంట్లో ఉండటం వేరు, చేతిలో ఉండటం వేరు. 14 నుంచి 18 ఏళ్ల పిల్లల గురించి 'అసర్' 2023లో చేసిన గ్రామీణ సర్వే ప్రకారం దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. ఫోన్ వాడటం తెలిసిన అబ్బాయిల్లో 43.7 శాతానికి సొంత ఫోన్ ఉంటే, అమ్మాయిల్లో 19.8 శాతానికే ఉంది. 2020 జూన్ 1న కేరళ మలప్పురం జిల్లాలో 14 ఏళ్ల దళిత విద్యార్థిని ఆన్‌లైన్ క్లాసు వినే దారి లేక ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ చెడిపోయింది, ఫోన్ లేదు. ఫోన్ లేకపోతే చదువే లేదని ఆ రోజుల్లో చెప్పింది బడే.

మీటింగ్‌లో ఇంకో మాటా వినిపించింది: "ఫోన్లొచ్చాకే ఆడపిల్లలు చెడిపోతున్నారు." ఈ మాట వెనక చదువు గురించిన దిగులు ఎంత, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారన్న కులం భయం ఎంత అన్నది ఊళ్లో తిరిగినవాళ్లకు తెలుసు. కేరళలోని చేలన్నూర్ కాలేజీ హాస్టల్‌లో అమ్మాయిలపై పెట్టిన ఫోన్ ఆంక్షలను ఫహీమా షిరిన్ అనే విద్యార్థిని కోర్టుకు తీసుకెళ్లింది. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, గోప్యతా హక్కులో భాగమని 2019 సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు తీర్పిచ్చింది.

మనకు ఇంకో లెక్క కూడా ఉంది. 2023 డిసెంబర్‌లో కర్ణాటక కోలారు జిల్లా మాలూరు తాలూకాలో ఒక రెసిడెన్షియల్ స్కూల్ యాజమాన్యం దళిత పిల్లలను మలగుంటలోకి దింపింది. వీడియో బయటికొచ్చాకే ప్రిన్సిపాల్ అరెస్టయ్యారు. ఫోన్ ఎవరి చేతిలోనూ లేని బడిలో పిల్లలను విడిగా కూర్చోబెట్టినా, చీపురు పట్టించినా సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? పదేళ్ల బిడ్డ జేబులో కెమెరా పెట్టమని నేను అనడం లేదు. కానీ ఫోన్ తీసేస్తే పిల్లల ఫిర్యాదు బయటికి వచ్చే ఇంకో దారి చూపాలి.

2025 ఫిబ్రవరి 28న ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు ఇక్కడ పనికొస్తాయి. పూర్తి నిషేధం సరికాదని, క్లాసులో వాడకుండా చూడాలని, వీలైతే బడిలోనే ఫోన్లు భద్రపరచాలని, భద్రత కోసం, ఇంటివాళ్లతో మాట్లాడటం కోసం అనుమతించాలని చెప్పింది. తల్లిదండ్రులను సంప్రదించి విధానం రాసుకోమంది. మర్రిపాడు లాంటి చోట దీనర్థం బడిలో అందరికీ ఒక ఫోన్, ఇంటికి చేయడానికి రోజూ ఒక సమయం, పనిచేసే కంప్యూటర్ గది. హాస్టల్ పిల్లలకైతే ఇది ఇంకా అవసరం. అమ్మతో మాట్లాడాలంటే వార్డెన్ దయ చూడాల్సిన స్థితి వాళ్లది.

దీన్ని తేల్చాల్సిన చోటు చట్టంలోనే ఉంది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అణగారిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటివ్వాలి. మీ కాలనీ నుంచి కమిటీలో ఎవరున్నారని అడిగితే అరుగు మీద ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగిన 2025 జూలై 10 గురువారం. కూలి రోజు.

"ఆదివారం పెట్టమను అబ్బయ్యా" అంది బెంగళూరు పోయే తల్లి. "మేమందరం వస్తాం. ఫోన్ సంగతి అప్పుడు మాట్లాడదాం."