నిలబడ్డ బండి ఎందుకు కాగుతోంది? రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోయడం మానుకుందాం

అనంతపురం, గుత్తి, కళ్యాణదుర్గం, కదిరి స్టాండ్లలో బండ్లు తోలే అన్నలకు, మెకానిక్ అన్నలకు, పెట్రోలు బంకుల యజమానులకు ఒక తోటి డ్రైవరు మనవి.

పెనుకొండ నుంచి హైవే మీద ఎనభైలో వస్తే బండి చల్లగా ఉంటుంది. ఊళ్ళోకి వచ్చి సప్తగిరి సర్కిల్ దగ్గర ఐదు నిమిషాలు ఆగితే ముల్లు పైకి లేస్తుంది. పెన్నహోబిలంలో పెళ్ళివాళ్ళు లోపల కూర్చుని ఏసీ వేయమంటారు, ఇంజన్ ఆన్‌లోనే ఉంటుంది, పావుగంటకు బానెట్ కింద నుంచి ఆవిరి. అప్పుడు మనమందరం చేసే పని ఒకటే. పక్క హోటల్‌కు పోయి ఒక బకెట్ బోరు నీళ్ళు తెచ్చి పోస్తాం. బండి కదులుతుంది. జబ్బు మాత్రం లోపలే ఉంటుంది.

నా సంగతి చెబుతాను. రెండు ఎండాకాలాల కిందట నా బండి ఇలాగే నిలబడినప్పుడల్లా హీటెక్కేది. మెకానిక్‌కు చూపిస్తే, "థర్మోస్టాట్ తీసేద్దాం అన్నా, ఈ ఎండకు దాంతో పనిల్యా" అన్నారు. సరేనన్నాను. మూడు నెలలు నీళ్ళు పోసుకుంటూ తిరిగాను. కసాపురం ఆంజనేయస్వామి గుడి దగ్గర పార్కింగ్‌లో హెడ్ గ్యాస్కెట్ పోయింది. బండిలో ముసలావిడ, చంటిపిల్ల. మిట్టమధ్యాహ్నం వాళ్ళను ఎండలో దించాల్సి వచ్చింది. హెడ్ విప్పి, ఫేసింగ్ పట్టించి, మళ్ళీ బిగించేసరికి నెల సంపాదన పోయింది. చివరికి తేలిందేమిటంటే రేడియేటర్ ఫ్యానుకు కరెంటు వెళ్ళే కనెక్టర్ తుప్పు పట్టింది. మొదటిరోజే చూసుంటే పది నిమిషాల పని.

పరుగెత్తేటప్పుడు చల్లగా ఉండి, నిలబడితే కాగే బండిలో మొదట అనుమానించాల్సింది ఆ ఫ్యానునే. వేగంలో ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లారుస్తుంది. ఆగినప్పుడు ఆ గాలి లేదు, ఫ్యాను లాగే గాలే దిక్కు. చాలా కార్లలో ఈ ఫ్యాను 95 నుంచి 105 డిగ్రీల మధ్య ఎక్కడో తనంతట తానే తిరగడం మొదలుపెట్టాలి. పరీక్ష సులువు: బండి నిలిపి ఏసీ వేయండి. చాలా బండ్లలో ఏసీ వేయగానే ఫ్యాను తిరుగుతుంది. ఏసీకి తిరిగి, వేడికి తిరగకపోతే సెన్సారునూ దాని వైరునూ చూడాలి. రెండింటికీ తిరగకపోతే ఫ్యూజు, రిలే, కనెక్టర్, ఆఖరున మోటారు. ఇంజన్ ఆపాక కూడా ఎలక్ట్రిక్ ఫ్యాను ఉన్నట్టుండి తిరగొచ్చు, చేతులు దూరంగా పెట్టుకోండి.

బొలెరో, టవేరా లాంటి బండ్లలో ఫ్యాను బెల్టుతో తిరిగేదైతే, మధ్యలో ఉండే విస్కస్ క్లచ్ అరిగిపోతుంది. బండి బాగా వేడిగా ఉన్నప్పుడు ఇంజన్ ఆపి ఆ ఫ్యానును చేత్తో తిప్పితే బిగువుగా కదలాలి. గిరగిరా తిరిగిపోతే క్లచ్ పోయినట్టే. ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవరు అడ్డమని పీకేసిన బండ్లు మన స్టాండులోనే చూశాను. అది లేకపోతే ఫ్యాను అక్కడి గాలినే అక్కడే తిప్పుతుంది, రేడియేటర్ గుండా లాగదు.

ఇంకోటి, వేరుశెనగ నూర్పిళ్ళప్పుడు పల్లెల్లో తిరిగిన బండి రేడియేటర్ ముందు ఒకసారి టార్చి వేసి చూడండి. పొట్టు, దుమ్ము, చచ్చిన పురుగులు, ఏసీ కండెన్సర్‌కూ దానికీ మధ్య పరుపులా పేరుకుని ఉంటాయి. ఇంజన్ వైపు నుంచి బయటికి మెల్లగా నీళ్ళు పట్టి కడగాలి. సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొడితే రేకులు మడతపడి గాలి దారి శాశ్వతంగా మూసుకుంటుంది.

రేడియేటర్ మూతను కూడా పట్టించుకోండి. మంచి మూత లోపల సుమారు ఒక కేజీ ప్రెషర్ నిలుపుతుంది. ఆ ప్రెషర్‌లో నీళ్ళు నూరు డిగ్రీలకు బదులు నూట ఇరవై దగ్గర మరుగుతాయి. స్ప్రింగ్ వదులైనా, రబ్బరు పగిలినా ఆ ఇరవై డిగ్రీలు పోయినట్టే.

ఇక నీళ్ళ మాట. ఈ కరపత్రం వేయించడానికి అసలు కారణం ఇదే.

మన నేలకు రెండు రుతుపవనాలూ సరిగా అందవు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. బోర్లు రాతిలోకి వందల అడుగులు దిగాయి. అంత లోతు నుంచి వచ్చే నీళ్ళ గుణం ఇంట్లో ఆడవాళ్ళను అడగండి. హీటర్ రాడ్ మీద, నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. అదే సున్నపు పెచ్చు రేడియేటర్ సన్నగొట్టాల్లో, ఇంజన్ నీటిదారుల్లో కడుతోంది. పెచ్చు మీదుగా వేడి బయటికి పోదు. పైగా ఆవిరై పోయేది ఒట్టి నీరే, ఉప్పు లోపలే మిగులుతుంది. వారానికొక బకెట్ పోసేవాడు వారానికొక బకెట్ ఉప్పునీళ్ళను రేడియేటర్‌లో ఎండబెడుతున్నట్టు లెక్క. అల్యూమినియం రేడియేటర్‌ను ఆ ఉప్పు తినేస్తుంది కూడా.

కూలెంట్ చలిదేశాల వాళ్ళకన్న మాట మన స్టాండ్లలో గట్టిగా నాటుకుంది. అది తప్పు. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే మరిగే వేడి మరో ఆరేడు డిగ్రీలు పెరుగుతుంది, లోపల తుప్పు పట్టదు, వాటర్ పంపు సీలు మన్నుతుంది. థర్మోస్టాట్ కూడా అంతే. నిలబడి కాగే బండిలో అది చాలా తరచుగా నిర్దోషి. అది చెడిపోతే కొత్తది వేయాలి, తీసి పారేస్తే ఇంజన్ వేడి ఎప్పుడూ ఒక లెక్కలో నిలవదు.

పాత కూలెంటును రోడ్డు పక్కన పారబోయకండి. అది తియ్యగా ఉండే విషం. గుక్కెడు నీళ్ళ కోసం వెతుక్కునే మేకలు, కుక్కలు ఉన్న ఊళ్ళు మనవి.

కాబట్టి నేను అడిగేది ఇది. పెట్రోలు బంకుల్లో గాలి ఉచితంగా పట్టాలి, తాగునీరు ఉంచాలి అన్న నిబంధన ఇప్పటికే ఉంది. బంకు యజమానులారా, గాలి మిషను పక్కన ఉండే ఆ బోరు నీళ్ళ బకెట్ తీసేసి డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ క్యాన్లు ఎప్పుడూ అమ్మకానికి పెట్టండి. మెకానిక్ అన్నలారా, కాగిన బండి వస్తే ముందు ఫ్యాను తిరుగుతోందో లేదో చూసి చెప్పండి, ఆ తర్వాతే స్పానర్ పట్టండి. 1946లో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ మన ఊళ్ళో ఉంది, ఐటీఐల్లో మోటారు మెకానిక్ చదివే పిల్లలున్నారు. 2019 నుంచి ఎర్రమంచిలో కార్లే తయారవుతున్నాయి. ఏటా ఉగాదికి ముందు ఒక్క ఆదివారం ఆ పిల్లలు, గురువులు స్టాండ్లకు వచ్చి ఫ్యాను, మూత, బెల్టు, నీళ్ళు చూసిపెడితే ఎన్నో కుటుంబాలు ఎండలో నిలబడే బాధ తప్పుతుంది. ఆ రోజు వాళ్ళకు భోజనం, నీడ స్టాండుల బాధ్యత.

దారిలో కాగితే ఏసీ ఆపండి, హీటర్ ఫుల్‌గా పెట్టండి, పక్కకు తీసి ఇంజన్ ఆపండి. కనీసం అరగంట మూత ముట్టకండి. వేడి మీద మూత తీసి ముఖం కాల్చుకోవడం క్షణంలో పని. గత్యంతరం లేకపోతే బోరు నీళ్ళే పోయండి, కానీ చల్లారాకే. ఇంటికి చేరగానే అవి వదిలించి, లోపల కడిగించి, సరైన కూలెంట్ నింపించండి. నింపాక గాలి బుడగలు ఆగేదాకా చూసి మూత పెట్టండి, లోపల గాలి నిలిచినా బండి కాగుతుంది.

ఈ కాగితం చదివినాక పారేయకండి. డాష్‌బోర్డు అరలో పెట్టుకోండి, రేపు పొద్దున స్టార్ట్ చేయగానే ఏసీ వేసి ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి.

మీ తోటి డ్రైవరు,
అనంతపురం